కృష్ణ బ్రిడ్జి నడిచి దాటిన రోజు

రాయచూరు నుంచి వాడి జంక్షన్ వైపు పోయే రైలు శక్తినగర్ దాటగానే కృష్ణ మీదికి ఎక్కుతుంది. ఆ బ్రిడ్జిని రైల్లో ఎన్నిసార్లు దాటానో లెక్క లేదు. మా ఆయన అక్కను నదికి అవతల, మక్తల్ దిక్కు ఊరికి ఇచ్చారు. పెళ్ళయిన కొత్త నుంచి ఏడాదికి నాలుగైదు సార్లయినా ఆ వదిన ఇంటికి పోయి వచ్చేవాళ్ళం. పాసింజరు బ్రిడ్జి ఎక్కగానే చక్రాల చప్పుడు మారిపోయి, పక్కన కూర్చున్న మనిషి మాట వినపడదు. అందరం నోరు మూసుకుని కూర్చుని, దాటాక వదిలేసిన మాట మళ్ళీ అందుకునేవాళ్ళం. ఆ బ్రిడ్జితో నాకున్న పరిచయం అంతవరకే. లాక్‌డౌన్ పెట్టిన వారంలో దాన్ని కాలినడకన దాటాల్సి వచ్చింది.

మా ఆయనది రాయచూరులో మోటారు వైండింగ్ పని. కాలిపోయిన మిక్సీలు, ఫ్యాన్లు, పొలాల మోటార్లు విప్పి, రాగి తీగ మళ్ళీ చుట్టి బాగుచేసేవాడు. కల్మల రైతులు మోటార్లు బండి వెనక కట్టుకుని తెచ్చేవాళ్ళు. సింధనూరు అవతల గోరేబాళ నుంచి కూడా కొందరు ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. నేను ఒక ప్రైవేటు బడిలో కన్నడ మీడియం పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. మాకు ఒక్కతే కూతురు.

నేను చెప్పే రోజుకు రెండేళ్ళ ముందు ఆయన కిడ్నీలు రెండూ పాడయ్యాయి. బీపీ ఉందని తెలిసి కూడా మాత్రలు వేసుకోలేదు. ఒంట్లో బాగానే ఉంది కదా అనేవాడు. ఆ తర్వాత వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం డయాలసిస్. మిషను సూదులు గుచ్చడానికని ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర రక్తనాళాలు కలిపి ఆపరేషన్ చేశారు. అక్కడ వేలు పెడితే లోపల సన్నగా అదురుతూ ఉండేది. ఆ చేతికి గడియారం కట్టకూడదు, బరువు మోయకూడదు, ఎవరూ గట్టిగా పట్టుకోకూడదు. అది పాడైతే మళ్ళీ ఇంకోచోట కోయాలి.

అన్నిటికంటే కష్టం నీళ్ళు. తాగిన నీళ్ళు బయటికి పోయే దారి లేదు కాబట్టి రోజుకు ఇంత అని కొలత పెట్టారు. చిన్న స్టీలు గ్లాసుతో కొలిచి ఇచ్చేదాన్ని నేనే. మాత్రలకు, చారుకు, మజ్జిగకు అన్నిటికీ కలిపి అదే కొలత. రాయచూరు ఎండల్లో దాహం ఎట్లా ఉంటుందో ఇక్కడ పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆయన నన్ను ఎన్నోసార్లు తిట్టాడు. ఒకసారి గ్లాసు గోడకేసి కొట్టాడు. ఇంకోసారి స్నానానికని పోయి కొళాయి కింద నోరు పెట్టి తాగుతుంటే పట్టుకున్నాను. ఆ రోజు ఇద్దరం ఏడ్చాం. కొలత మాత్రం మార్చలేదు.

మార్చి నెలలో వదిన భర్త పోయాడు. గురువారం డయాలసిస్ చేయించుకుని, శుక్రవారం పొద్దున పాసింజరుకు ఇద్దరం పోయాం. కూతురికి పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయని మా అమ్మ దగ్గర వదిలిపెట్టాం. శనివారం పదో దినం అయ్యింది. ఆదివారం తిరిగి రావాలి. ఆ ఆదివారమే కర్ఫ్యూ అన్నారు, రైళ్ళు నడవవన్నారు. ఒక్కరోజే కదా, సోమవారం పొద్దున బస్సుకు పోదాంలే అనుకున్నాం. సోమవారం బస్సులు లేవు. రాష్ట్రం హద్దు మూసేశారని చెప్పారు. ఆ చోట హద్దు అంటే కృష్ణే. మా ఇంటికీ మాకూ మధ్య ఉన్నది ఒక్క నది, దాని మీద రెండు బ్రిడ్జీలు.

సోమవారం డయాలసిస్ తప్పిపోయింది. ఆ రోజంతా ఫోన్లు చేశాను. అంబులెన్సు వాళ్ళు వస్తామన్నారు కానీ హద్దు దాటలేమన్నారు, వాళ్ళు తీసుకుపోయే ఆసుపత్రిలో డయాలసిస్ మిషన్ లేదు. దూరంగా ఉన్న ఇంకో ఊరి ఆసుపత్రికి చేస్తే, ఉన్న పేషెంట్లకే టైము చాలడం లేదు, కొత్తవాళ్ళను ఇప్పుడు తీసుకోలేమన్నారు. ఫోన్లో ఎవరూ కసురుకోలేదు. అందరూ మెత్తగానే కాదన్నారు.

మంగళవారం వదిన కొడుకు మమ్మల్ని బండి మీద రోడ్డు బ్రిడ్జి దగ్గరికి తీసుకుపోయాడు. ముప్పై ఏళ్ళవాడు, పొలం చేసుకుంటాడు, మాటలు తక్కువ. బ్రిడ్జికి అడ్డంగా బారికేడ్లు, వాటి ముందు తుమ్మకంపలు పెట్టారు. పోలీసులు కుర్చీ వేసి ఆయన్ను కూర్చోబెట్టారు. నేను ఆసుపత్రి ఫైలు చూపించాను. ఒక చిన్న వయసు కానిస్టేబులు కాగితాలన్నీ తిప్పి చదివి, ఫైలు పట్టుకుని బ్రిడ్జి మధ్య దాకా నడిచిపోయాడు. అవతలి వాళ్ళతో చాలాసేపు మాట్లాడాడు. ఎండలో నడిచి వస్తున్న అతని నడక చూస్తేనే నాకు జవాబు తెలిసిపోయింది. అటువైపు ఎవర్నీ రానివ్వొద్దని ఆర్డరు ఉందట. పాసు తెచ్చుకోమన్నారు. పాసు ఇచ్చే ఆఫీసు అవతలి ఒడ్డున ఉంది.

తిరిగి వచ్చేటప్పటికి ఆయన కాళ్ళు చెప్పుల్లో పట్టడం లేదు. ముఖం ఉబ్బి కళ్ళు సన్నబడ్డాయి. పడుకుంటే ఊపిరి ఆడక, గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. రాయచూరులో ఆయనకు ఎప్పుడూ మిషన్ పెట్టే అమ్మాయికి ఫోన్ చేశాను. ఆమె ఒకటే చెప్పింది.

"అక్కా, రేపు పగటికల్ల ఎట్లన్న తీస్కరా. ఊపిరితిత్తులల్ల నీళ్ళు నిండితె మిషను పెట్టి కూడ ఏం చెయ్యలేము."

వదిన ఇంట్లో ఆ మాట ఎవరికీ చెప్పలేదు. భర్త పోయి రెండు వారాలు కాలేదు ఆమెకు. కానీ వదిన కొడుకు నా పక్కనే ఉండి విన్నాడు. రైలు బ్రిడ్జి ఉంది కద అత్తా అన్నాడు. పాసింజర్లు బంద్, ఉత్త గూడ్సులే తిరుగుతున్నాయన్నాడు. పుట్టిలో దాటితే అని అడిగాను. జాలరుల పుట్టిలన్నీ పోలీసులు ఒడ్డుకు ఎక్కించి బోర్లించారట. అదీగాక ఎండాకాలం నదిలో సగం రాళ్ళే, దిగి ఎక్కి దిగి పోవాలి. ఆయన పది అడుగులు వేయలేడు. ఆయనకు చెబితే కాదంటాడనుకున్నాను. సరేనన్నాడు. ఆ సరే విని నాకు భయమేసింది. బాగున్న మనిషైతే వాదించేవాడు.

నేను మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు రాయచూరులో పాల ప్యాకెట్లు వేసే టెంపో నడుపుతాడు. పాల బండ్లను ఆపడం లేదు. బ్రిడ్జి అవతలి కొస దగ్గర, శక్తినగర్ వైపు మట్టిదారిలో బండి పెట్టుకుని ఉండమన్నాను. ఎందుకని అడగలేదు వాడు.

మరుసటి రోజు బుధవారం, ఉగాది. చావు జరిగిన ఇల్లు కాబట్టి పండగ లేదు. ఆ రోజు కొలతలో సగం నీళ్ళు పొద్దున్నే ఇచ్చేసి, మిగతావి ఒక సీసాలో పోసి సంచిలో పెట్టుకున్నాను. రోడ్డు వదిలి పొలాల గట్ల మీదుగా బండి నడిపాడు వదిన కొడుకు. ఆయన మధ్యలో, నేను వెనక. ప్రతి గుంతకూ ఆయన నోటి నుంచి ఒక శబ్దం వచ్చేది, మూలుగు కూడా కాదు. రైలుకట్ట కింద బండి ఆపి, ఆయన్ను వీపు మీద ఎక్కించుకుని కట్ట ఎక్కడం మొదలుపెట్టాడు. సగం ఎక్కాక ఆయనకు పొట్ట నొక్కుకుని ఊపిరి అందలేదు. దింపాడు. ఆయన కంకరరాళ్ళ మీద కూర్చుని, తల పైకెత్తి గాలి కోసం నోరు తెరిచాడు. మిగతా సగం ఇద్దరం చంకల్లో చేతులు వేసి ఈడ్చుకుంటూ ఎక్కించాం. ఎడమ చెయ్యి జాగ్రత్త అని నేను వాడికి చెబుతూనే ఉన్నాను.

బ్రిడ్జి మొదట్లో ఒక చిన్న గది ఉంది. అందులో నుంచి కీమన్ బయటికి వచ్చాడు. పట్టాల మీద నడుస్తూ బిగింపులు చూసుకునే మనిషి. నలభై దాటి ఉంటాయి, దేవదుర్గ వైపు మనిషినని తర్వాత చెప్పాడు. భుజం మీద పొడుగు పిడి సుత్తె, చంకలో ఎర్రజెండా, పచ్చజెండా.

ఎక్కడికి అని అడిగాడు. చెప్పాను. తల అడ్డంగా ఊపాడు.

"అక్కా, ఈ బ్రిడ్జి మీద మేమే భయపడుకుంట పోతం. నిన్ను రానిస్తె నా నౌకరి పోతది. నడ్మ గూడ్సు వస్తె మీ పానాలు పోతయి. వాపస్ పోండ్రి."

ఫైలు తీశాను. చదవడం రాదన్నట్టు చెయ్యి ఊపాడు. అప్పుడు నేను ఆయన ముందు కూర్చుని, ప్యాంటు మోకాలి దాకా ఎత్తి, కాలి ఎముక మీద నా బొటనవేలు పెట్టి నొక్కాను. వేలు లోపలికి దిగింది. తీశాను. గుంట అట్లాగే ఉండిపోయింది. ముగ్గురం ఆ గుంటనే చూశాం. అది పూడడానికి చాలాసేపు పట్టింది.

"ఒళ్ళంత నీళ్ళే అన్నా," అన్నాను. "పగటికల్ల అవతల లేకపోతె ఈడనే పోతడు."

కీమన్ పక్కకు పోయి స్టేషన్లో ఎవరికో ఫోన్ చేసి, కన్నడలో గూడ్సుల గురించి అడిగాడు. బొగ్గు దింపిన ఖాళీ బండి ఒకటి శక్తినగర్ కరెంటు ప్లాంటు నుంచి బయటికి రావాలి, అది మధ్యాహ్నం దాకా రాదని చెప్పారట. ఫోన్ జేబులో పెట్టుకుని గదిలోకి పోయి ఒక ప్లాస్టిక్ కుర్చీ, రెండు వెదురు కర్రలు పట్టుకొచ్చాడు. కుర్చీ చేతుల కింద నుంచి కర్రలు దూర్చి తాడుతో కట్టారు ఇద్దరూ. ఆయన్ను కూర్చోబెట్టి నడుము దగ్గర తువాలుతో కట్టారు. ముందు కీమన్, వెనక వదిన కొడుకు. కీమన్ తన సుత్తె, జెండాలు నా చేతికిచ్చాడు.

"రేకు మీదనే చూసుకుంట నడువు. కిందికి చూడకు."

పట్టాల మధ్య నడవడానికి సన్నటి ఇనుప రేకులు పరిచి ఉన్నాయి. రేకుకు అటూ ఇటూ స్లీపర్ల మధ్య ఖాళీల్లోంచి నది కనిపిస్తుంది. చూడొద్దన్నా కళ్ళు అక్కడికే పోయేవి. బండరాళ్ళు, రాళ్ళ మధ్య పచ్చగా నిలిచిన మడుగులు, ఒకచోట ఎండలో మెరుస్తూ సన్నగా పారుతున్న నీళ్ళు. రైల్లో కూర్చుని చూసినప్పుడు అంత లోతుగా ఎప్పుడూ కనిపించలేదు. గాలి పక్క నుంచి కొడుతోంది. సుత్తె బరువుకు భుజం లాగుతోంది. ప్రతి ఇరవై ముప్పై అడుగులకు వాళ్ళిద్దరూ కుర్చీ దింపి ఊపిరి తీసుకునేవాళ్ళు. అప్పుడు నేను ఆయన ముఖం చూసేదాన్ని. పెదవులు నల్లబడ్డాయి. ప్రతి ఊపిరికీ మెడ నరాలు లేచి పడుతున్నాయి.

మూడోసారో నాలుగోసారో దింపినప్పుడు నీళ్ళు అడిగాడు. ఇంకొంచెం దూరం పోనియ్యండి అన్నాను. ఆయన కిందికి చూశాడు.

"అన్ని నీళ్ళున్నయి కింద. నాకొక గుక్క లెవ్వా?"

కీమన్ నా వైపు చూశాడు, ఇవ్వొచ్చు కదా అన్నట్టు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. నీళ్ళే ఈ మనిషిని చంపుతున్నాయని అతనికి విడమరిచి చెప్పే ఓపిక నాకు లేదు. లేపండి, పోదాం అన్నాను.

సగం దాటాం. ఇక దిగడమే అని ధైర్యం వస్తున్నప్పుడు ముందు నడుస్తున్న కీమన్ ఆగిపోయాడు. కుర్చీ దింపి, వంగి పట్టా మీద అరచెయ్యి పెట్టాడు. నాకు ఏ చప్పుడూ వినపడలేదు. అతను లేచి, గబగబా తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. అప్పుడు వినిపించింది కూత, ఎదురుగా, శక్తినగర్ వైపు నుంచి.

ఆ బ్రిడ్జికి అక్కడక్కడా పక్కకు పొడుచుకొచ్చిన చిన్న గూళ్ళు ఉంటాయి. కింద రేకు, చుట్టూ నడుము ఎత్తు ఇనుప కడ్డీలు. రైలొస్తే పనివాళ్ళు తప్పుకోవడానికి. మాకు దగ్గరగా ఉన్న గూటిలో ఇద్దరు పడతారు, మూడో మనిషి పట్టడు. వదిన కొడుకు ఆయన్ను ఎత్తి అందులో నిలబెట్టాడు. నన్ను వెనకే తోశాడు. వాళ్ళిద్దరూ కుర్చీ, కర్రలు పట్టుకుని వెనక గూటి వైపు పరిగెత్తారు. కీమన్ పరిగెత్తుతూనే, కడ్డీ పట్టుకోండ్రి, ముఖం నదిదిక్కు తిప్పుకోండ్రి అని అరిచాడు.

ఆయనకు నిలబడే శక్తి లేదు. కడ్డీ మీదికి వాలిపోతున్నాడు. నడుము ఎత్తు కడ్డీ, దాని అవతల ఏమీ లేదు. ఎడమ చెయ్యి పట్టుకోవడానికి లేదు. సుత్తె, జెండాలు కాళ్ళ దగ్గర పడేసి, నా కొంగు లాగి ఆయన కుడి మణికట్టుకు చుట్టి కడ్డీకి ముడి వేశాను. ఇంకో ముడి, ఇంకో ముడి. నా వీపు రైలు వైపు పెట్టి, రెండు చేతులూ ఆయన పక్కల నుంచి కడ్డీకి వేసి నొక్కి పట్టాను. అప్పుడు నా చెవి దగ్గర అన్నాడు.

"సాకు. ఇంగ సాకే నాకు. ఇడిసిపెట్టు."

సాకు అంటే కన్నడలో చాలు. మా రాయచూరు ఇళ్ళల్లో అన్నం వడ్డించేటప్పుడు కూడా అదే అంటాం. అన్నం దగ్గర అన్నంత మామూలుగా అన్నాడు.

అంతలో ఇంజను వచ్చేసింది. కూత ఆపకుండా వేస్తూనే ఉన్నాడు డ్రైవరు. బ్రిడ్జి మొత్తం అదురుతోంది, కాళ్ళ కింది రేకు పళ్ళ దాకా అదురుతోంది. మధ్యాహ్నం దాకా రాదన్న బండే, వెనక ఖాళీ వ్యాగన్లు. లోపల ఏమీ లేని ఇనుప డబ్బాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పోతున్నాయి. బొగ్గుపొడి వేడిగా మెడ మీద, నోట్లో, కళ్ళల్లో పడుతోంది. నేను అరవడం మొదలుపెట్టాను. మాత్రలు ఏస్కోమంటె ఏస్కున్నవా అని అరిచాను. పెళ్ళయినప్పటి నుంచి ఎన్నడూ ఆయన్ను నువ్వు అనలేదు. బీపీ అంటె నవ్వితివి, నన్ను నవ్వితివి, పిల్లకు ఏం చెప్పాలె నేను, సాకంట, ఎవరికి సాకు అని అరిచాను. రెండేళ్ళు నోట్లోకి రానివ్వని మాటలన్నీ వచ్చాయి. రాయకూడని మాటలు కూడా అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆయన భుజం నా గడ్డం కింద ఉంది. ఆయన కుడి చేతి వేళ్ళు, కట్టేసి ఉన్న చేతి వేళ్ళు, కడ్డీని పట్టుకుని ఉన్నాయి. చూశాను నేను. ఇడిసిపెట్టమన్న మనిషే పట్టుకుని ఉన్నాడు.

చివరి వ్యాగను పోయాక చాలాసేపు చెవుల్లో అదే మోత. ఆయన ముఖం నల్లగా అయిపోయింది, కళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి.

"ఏమన్నవ్?" అని అడిగాడు.

ఏం లేదన్నాను. సంచిలోంచి సీసా తీసి మూత నిండా నీళ్ళు పోసి తాగించాను. ఇంకో మూత పోశాను. మూడోది పోయలేదు. ముడులు బిగుసుకుపోయి రాలేదు. వదిన కొడుకు వచ్చి పళ్ళతో విప్పాడు.

కర్రలు మళ్ళీ కట్టి, మిగతా దూరం ఆయన్ను కుర్చీలోనే మోశారు. బ్రిడ్జి కొస దిగాక కీమన్ నా చేతిలోంచి సుత్తె, జెండాలు తీసుకున్నాడు. చేతులెత్తి దండం పెట్టబోతే వద్దన్నాడు.

"డ్రైవర్ చూసిండు," అన్నాడు. ఆ ఒక్క మాటే. తర్వాత బ్రిడ్జి ఎక్కి తన బీటు మీద పోయాడు. వదిన కొడుకు కుర్చీ నెత్తి మీద పెట్టుకుని, కర్రలు చంకలో పెట్టుకుని అతని వెనకే తిరిగిపోయాడు. నేను ఎక్కువసేపు చూడలేదు. మా తమ్ముడు అప్పటికే కట్ట ఎక్కి ఆయన్ను చేతుల మీద ఎత్తుకున్నాడు.

టెంపోలో పాల ట్రేలు పక్కకు జరిపి, మధ్యలో ఆయన్ను కూర్చోబెట్టి, వెనక నుంచి నా వీపు ఆనించి కూర్చున్నాను. రాయచూరు రోడ్లు అంత ఖాళీగా ఎప్పుడూ చూడలేదు. ఆసుపత్రి గేటు దగ్గర, ఎక్కడి నుంచి వచ్చారని అడిగారు. మా తమ్ముడు అబద్ధం చెప్పబోయాడు. నేను నిజమే చెప్పాను. అయితే ముందు వేరే వార్డులో పెట్టి పరీక్ష చేయాలి, ఆ తర్వాతే మిషన్ అన్నారు. పరీక్ష ఫలితం ఎప్పుడొస్తుందో వాళ్ళకే తెలియదు. ముందురోజు ఫోన్లో మాట్లాడిన అమ్మాయి లోపలి నుంచి వచ్చింది. ఆయన ముఖం చూసింది, కాలు నొక్కి చూసింది. పెద్ద డాక్టరుతో వాదించింది. చివరి గదిలో మిషన్‌కు విడిగా పెడతాను, నేనొక్కదాన్నే ఉంటాను, నాకేమన్నా అయితే నాదే బాధ్యత అని రాసిస్తానంది. రాసిచ్చింది కూడా.

నాలుగు గంటల మిషన్ అయ్యాక ఆయన వెల్లకిలా పడుకున్నాడు. ఆదివారం తర్వాత అదే మొదటిసారి. నన్ను లోపలికి రానివ్వలేదు. తలుపు అద్దంలోంచి చూశాను. నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు, నుదుటి మీద బొగ్గుపొడి అట్లాగే ఉంది.

ఇంటికి పోయాక చేతుల మీద ముద్ర వేసి పద్నాలుగు రోజులు గదిలో ఉండమన్నారు. డయాలసిస్‌కు అంబులెన్సు వచ్చి తీసుకుపోయేది. కూతురు తలుపు అవతల కూర్చుని మాట్లాడేది. వీధిలో కొందరు హద్దు దాటి రోగం తెచ్చారన్నారు. వాళ్ళ మీద కోపం రాలేదు నాకు. భయం ఎట్లాంటిదో నాకు తెలుసు.

ఆయన ఆ తర్వాత పదకొండు నెలలు బతికాడు. సుఖంగా బతికాడని చెప్పను. గుండె బలహీనపడింది, నడక తగ్గింది, షాపు తెరవలేకపోయాడు. ఇంట్లో కూర్చుని కూతురికి పాత టేబుల్ ఫ్యాను విప్పి తీగ చుట్టడం నేర్పించాడు. నీళ్ళ కోసం నాతో మళ్ళీ పోట్లాడలేదు. పోట్లాడి ఉంటే బాగుండేదనిపించేది. బ్రిడ్జి మీద నేనేమన్నానో మళ్ళీ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం డయాలసిస్ నుంచి వచ్చి, మంచం మీద కూర్చుని చొక్కా విప్పుతూ పక్కకు ఒరిగాడు.

కర్మలన్నీ అయ్యాక కీమన్‌ను వెతికాను. కృష్ణ బ్రిడ్జి దగ్గర ఇప్పుడు వేరే మనిషి ఉన్నాడు. డ్రైవరు రిపోర్టు ఇచ్చాడని, ఎంక్వయిరీ పెట్టి అతన్ని ఇంకో దిక్కుకు మార్చారని చెప్పాడు. రాయచూరుకు ఇంకోపక్క, మట్మారి దాటాక తుంగభద్ర మీద ఉండే రైలు బ్రిడ్జికి. ఒక ఆదివారం మా తమ్ముడి బండిలో అక్కడికి పోయాను. కట్ట కింద వేపచెట్టు నీడలో కూర్చుని సద్దిరొట్టె తింటున్నాడు. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. అప్పుడు నా ముఖం నిండా బొగ్గే కదా.

ఆయన పోయిన సంగతి చెప్పాను. తినడం ఆపి, ఎన్ని దినాలు బతికిండు అని అడిగాడు. పదకొండు నెలలన్నాను. తల ఊపాడు. మా వల్ల నీకు కష్టమొచ్చింది, క్షమించమని అడగడానికి వచ్చానన్నాను. నౌకరి పోలేదు కద అక్కా, మార్చిన్రు, అంతే అన్నాడు. ఇంట్లో భార్య కొన్నాళ్ళు తిట్టిందట. పిల్లల బడి మార్చాల్సి వచ్చిందట. ఇవన్నీ మామూలుగా చెప్పాడు. తర్వాత రొట్టె గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, నదివైపు చూస్తూ ఇంకో మాట చెప్పాడు.

"మీరు పోయిన మరుదినం ఇంకొకలు వచ్చిరి. ఆడిమనిషి, సంకల చిన్నపిల్ల. పిల్లకు జరం. ఆ పొద్దే నాకు మెమో ఇచ్చిన్రు. రానియ్యలే. కాళ్ళు పట్టుకున్నది. వాపస్ పంపిన."

"ఏమయ్యింది?" అని అడిగాను.

"తెల్వదు. ఏ ఊరో అడగలే. కట్ట దిగి పొలాలల్లకెల్లి పోయింది. పిల్ల ఏడుస్తలేకుండె."

క్షమించమన్న మాట నేను ఎవరికి చెప్పాలో తెలియలేదు. కాసేపటికి గుంతకల్ వైపు నుంచి ఒక ఎక్స్‌ప్రెస్ వచ్చింది. అతను లేచి, చేతులు తుడుచుకుని, పచ్చజెండా తీసుకుని కట్ట ఎక్కాడు. నేను కిందే నిలబడ్డాను. రైలు బ్రిడ్జి మీదికి ఎక్కి, దాటి, రాయచూరు వైపు పోయింది. అతను జెండా చుట్టుకుని, సుత్తె భుజాన వేసుకుని, పట్టాలు చూసుకుంటూ బ్రిడ్జి మీదికి నడిచాడు. మా తమ్ముడు హారన్ కొట్టాడు. వచ్చి బండి ఎక్కాను.